గంజ్ పేఠ్‌లో ఒక టీచరమ్మ ఇల్లు

శుక్రవారం: సికింద్రాబాద్ నుంచి పుణె

సంక్రాంతి సెలవులకు అందరూ ఊళ్లకు పోతుంటే మేము పుణె రైలెక్కాం. మేము అంటే నేనూ, మా స్కూల్లో లెక్కలు చెప్పే మేడమూ. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది, "అక్కా" అంటుంది. జనవరి 3న సావిత్రీబాయి ఫూలే జయంతి స్కూల్లో బాగానే చేశాం. ఫొటోకు దండ వేశాం, పిల్లలు ఉపన్యాసాలు చదివారు. తెలంగాణలో 2025 నుంచి ఆ రోజు మహిళా ఉపాధ్యాయ దినోత్సవం కూడా కదా, టీచర్లకు శాలువాలు కప్పారు. అంతా అయ్యాక లెక్కల మేడం అడిగింది. "అక్కా, ఆమె ఇల్లు ఇంకా ఉందంట గదా? ఎట్లుంటదో చూసొద్దామా?" అట్లా మొదలైంది ఈ ప్రయాణం.

శతాబ్ది మధ్యాహ్నం బయల్దేరి రాత్రి పొద్దుపోయాక పుణెలో దింపుతుంది. తాండూరు దాకా నాపరాయి క్వారీలు, తర్వాత కందిచేలు, కలబురగి దాటాక చీకటి. షోలాపూర్‌లో రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫాం మీద తెలుగు వినబడింది. వినబడకపోతేనే వింత. నేత పని మీద మన పద్మశాలీలు తరాల కిందటే వచ్చి స్థిరపడిన ఊరది.

మాది పాలమూరు. మా వైపు నుంచి బొంబాయికి వలస పోవడం ఈనాటి ముచ్చట కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే తెలుగు నేల నుంచి పోయిన కూలీలు, మేస్త్రీలు బొంబాయిలో రోడ్లు వేశారు, మిద్దెలు కట్టారు. వాళ్లను అక్కడ కామాఠీలు అనేవాళ్లు. కామాఠీపురాకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. వాళ్లలో కొందరు పెద్ద కాంట్రాక్టర్లయ్యారు. సావిత్రీబాయి భర్త జ్యోతిబా ఫూలే 1873లో కుల పెత్తనాన్ని ఎదిరించే సత్యశోధక్ సమాజ్ పెట్టినప్పుడు బొంబాయి నుంచి అండగా నిలిచినవాళ్లలో ఈ తెలుగు కాంట్రాక్టర్లు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాలేవార్, జాయా కరాడీ లింగు, నర్సింగ సాయబు వడ్నాల. మరాఠీ పుస్తకాల్లో ఈ పేర్లు కొంచెం అటూ ఇటూగా కనబడతాయి గానీ, చదవగానే మనవాళ్లని తెలిసిపోతుంది. ఫూలేను మనం మహారాష్ట్ర నుంచి అరువు తెచ్చుకున్నామని ఎవరన్నా అంటే నాకు ఒప్పబుద్ధి కాదు. ఆయన ఉద్యమంలో మొదటి నుంచీ మన మేస్త్రీల పైసలున్నాయి.

ఈ సంగతులు చెబుతుంటే లెక్కల మేడం రైల్లో ఇచ్చిన పప్పన్నం పక్కన పెట్టేసి విన్నది. పప్పు బాగోలేదన్నది కూడా నిజమే.

శనివారం: ఆ ఇల్లు

స్వార్‌గేట్ దగ్గర దిగాం. ఫూలే వాడా అక్కడికి దగ్గరే, ఆటోలో పది నిమిషాలు. పుణెలో పాతబస్తీ పేటలన్నిటికీ పేఠ్ అని పేరు. కొన్నిటికి వారాల పేర్లుంటాయి, సోమవార్, మంగళవార్, బుధవార్ అని. ఫూలే ఉన్నది గంజ్ పేఠ్. ఇప్పుడు దానికి మహాత్మా ఫూలే పేఠ్ అని పేరు పెట్టారు గానీ ఆటోవాళ్లకు గంజ్ పేఠ్ అంటేనే అర్థమవుతుంది. ఒక పక్క మోమిన్‌పురా, ఇంకో పక్క భవానీ పేఠ్ కలప అడితీలు. సందులు ఇరుకు. టేకు, రంపపు పొట్టు వాసన. పండితులూ సర్దార్లూ ఉన్న శనివార్, సదాశివ్ పేఠ్‌లకు ఇది పూర్తిగా వేరే పుణె. పనివాళ్ల పేట. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇల్లు ఎక్కడుందన్నదే సగం కథ చెప్పేస్తుందని నాకు అక్కడ ఆటో దిగగానే అనిపించింది.

"గింత చిన్న ఇల్లా అక్కా?" అన్నది మా మేడం లోపలికి అడుగు పెడుతూనే.

వాడా అనగానే మనం మరాఠా రాజ్యాన్ని ఏలిన పేష్వాల కోట శనివార్ వాడా లాంటిది ఊహించుకుంటాం. పుణెలో అసలైన వాడా అంటే నల్లరాతి పునాది, దాని మీద మందపాటి గోడలు, టేకు స్తంభాలు, మధ్యలో చౌకు అనే వాకిలి. దాని చుట్టూ ఓసరీ అనే వసారా. పెద్దవాళ్ల వాడాలకు ఒకదాని వెనక ఒకటి రెండు మూడు చౌకులుంటాయి. మొదటిది బయటివాళ్లకు, రెండోది ఇంటివాళ్లకు, మూడోది ఆడవాళ్లకు, వంటకు, బావికి. మన మండువా లోగిలి తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. గమనించాల్సింది ఒకటుంది. ఎవరు ఎంత లోపలి దాకా రావచ్చో చెప్పేది ఆ ఇంటి నిర్మాణమే. కులాన్ని బట్టి, ఆడా మగా తేడాను బట్టి ఒక్కొక్కరు ఒక్కో గడప దగ్గర ఆగిపోవాలి.

ఫూలే ఇల్లు ఆ లెక్కన వాడా కానే కాదు. గౌరవానికి అలా పిలుస్తారంతే. 1852 ప్రాంతంలో కట్టిందంటారు. నల్లరాతి అరుగు, దాని మీద కర్ర స్తంభాలు, పైన వాలుగా పెంకుల కప్పు. గదులు చిన్నవి, వెనక పెరడు. ఇప్పుడిది మహారాష్ట్ర ప్రభుత్వపు రక్షిత కట్టడం. బాగు చేయించి శుభ్రంగా ఉంచారు. గోడలకు ఫూలే దంపతుల జీవితంలోని ఘట్టాలు బొమ్మలుగా వేసిపెట్టారు. అందరూ వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. బొమ్మల కంటే ఇల్లే బాగుంది.

నేను ఒక స్తంభం దగ్గర చాలాసేపు కూర్చున్నాను. కర్ర నేరుగా నేలలోకి దిగదు. కింద చెక్కిన రాయి ఒకటి ఉంటుంది, దాని మీద నిలబడుతుంది. చెద పట్టకుండా, వానాకాలం నేల చెమ్మ కర్రకు ఎక్కకుండా ఈ ఏర్పాటు. పైన స్తంభానికీ దూలానికీ మధ్య అడ్డంగా ఇంకో ముక్క, బరువును రెండు పక్కలకూ పంచడానికి. పెద్ద వాడాల్లో ఈ ముక్క మీదే అరటిపువ్వులు, చిలకలు చెక్కి ధనం చూపించుకుంటారు. ఇక్కడ చెక్కుడు తక్కువ, పని ఎక్కువ. ఇళ్లు కట్టించడం తెలిసిన మనిషి ఇల్లే ఇది. ఫూలే కాంట్రాక్టర్ కూడా. రాయి, సున్నం సరఫరా చేసి, వంతెనలకూ కాలువలకూ పనులు పట్టి సంపాదించిన డబ్బుతో బడులు నడిపినవాడు. విరాళాల మీదే ఆధారపడితే ఆ బడులు ఎన్నాళ్లు నడిచేవో.

ఇక ఇల్లు బడిగా ఎట్లా మారిందన్నది చూడాలి. 1848లో ఫూలే దంపతులు బుధవార్ పేఠ్‌లోని భిడే వాడాలో ఆడపిల్లల బడి తెరిచారు. ఆయనకు 21, ఆమెకు 17. ఆమెకు చదువు చెప్పింది మొదట ఆయనే. తర్వాత అహ్మద్‌నగర్‌లో, పుణెలో టీచర్ ట్రైనింగ్ తీసుకున్నారామె. ఇది చాలామందికి తెలియదు. భర్త నేర్పిన నాలుగక్షరాలతో బడికి పోయిన ఇల్లాలు కాదు ఆవిడ, శిక్షణ పొందిన ఉపాధ్యాయురాలు. బడికి పోతుంటే దారిలో పేడ, మట్టి విసిరేవాళ్లని, సంచిలో ఇంకో చీర పెట్టుకుని పోయేదని మనం ప్రతి జనవరిలో చెప్పుకుంటాం. అది చెప్పి ఆపేస్తాం. ఆమె పాఠం ఎట్లా చెప్పేది, ఆ బడిలో చదివిన పిల్లలు ఏమయ్యారు అన్నది చెప్పుకోం. వాళ్లలో ముక్తాబాయి అనే అమ్మాయి, అంటరానిదని దూరం పెట్టిన మాంగ్ కులపు పిల్ల, తన జనం పడుతున్న బాధల మీద రాసిన వ్యాసం 1855లో జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. బడిలో చేరి మూడేళ్లయిన పిల్ల, దేవుడు మాకు ఏ మతం ఇచ్చాడో చెప్పమని పండితులను నిలదీసింది. ఒక టీచరు పని ఎట్లా ఉందో చూడాలంటే నేనయితే ఆ వ్యాసమే చూపిస్తాను.

బడి మొదలుపెట్టిన మరుసటేడే మామగారు ఇల్లు వదిలి పొమ్మన్నారు. కులం వాళ్ల ఒత్తిడి. అప్పుడు చోటిచ్చింది ఉస్మాన్ షేఖ్ కుటుంబం. గంజ్ పేఠ్‌లో ఈ ఇల్లు ఆ తర్వాతది. ఒకసారి ఇంట్లోంచి గెంటేయించుకున్న దంపతులు తమకంటూ ఇల్లు కట్టుకున్నాక దాన్ని ఎవరెవరికి తెరిచారో వరసగా చూడండి.

1855లో కూలీలకు, రైతులకు రాత్రి బడి. పగలు పని చేసుకునే మగవాళ్లూ ఆడవాళ్లూ దీపం వెలుగులో అక్షరాలు దిద్దారు. 1863లో, గర్భం వచ్చిన విధవలు ఎవరికీ తెలియకుండా పురుడు పోసుకునేందుకు ఇదే ఆవరణలో ఆశ్రయం. ఒక బ్రాహ్మణ విధవ పరువు పోతుందని పసికందును చంపుకుని శిక్ష పడి అండమాన్‌కు పోయిన సంగతి ఫూలేను కదిలించింది. పిల్లను చంపుకోవద్దు, ఇక్కడికొచ్చి కనండి, బిడ్డను తీసుకెళ్లినా మా దగ్గర వదిలిపెట్టినా మీ ఇష్టం అని ఊళ్లో కాగితాలు అంటించారు. అట్లా వచ్చిన కాశీబాయి అనే ఆమె బిడ్డను 1874లో వాళ్లే పెంచుకున్నారు. అతనే యశ్వంత్, తర్వాత డాక్టరయ్యాడు. 1868లో, అంటరానివాళ్లని ఊరు వెలివేసిన జనానికి తమ ఇంటి నీళ్లు తెరిచారు.

ఆ నీళ్ల దగ్గర నిలబడి మా మేడం చేయి ఆనించి తొంగి చూసింది. పైన ఇనుప జాలీ. "గీ బాయి కాడికి రావాలంటే ఇంట్ల నుంచే రావాలి గదా అక్కా?" అన్నది. నాకు అప్పటిదాకా తట్టలేదు. ఊరి చివర వాళ్లకు వేరే బావి తవ్వించడం దానం. తమ పెరట్లోకి రానివ్వడం వేరు. చిన్న ఇల్లు కాబట్టి గడపలు తక్కువ. వెనక్కి రావాలంటే ఇంటివాళ్ల పక్క నుంచే రావాలి. పెద్ద వాడాలు మనుషులను ఆపడానికి మూడు చౌకులు కట్టుకుంటే, ఇక్కడ ఆ ఆపే చోటే లేకుండా చేశారు.

కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరులో. ఆయనా బడిపంతులే. ఆయనకూ సొంత ఇల్లే ఉద్యమానికి ఆఫీసయింది. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని తేల్చే పని నాకు నచ్చదు గానీ, మన పాఠ్యపుస్తకాలు ఒకరిని తెలుగు వాచకంలో, ఇంకొకరిని సోషల్‌లో పెట్టడం వల్ల పిల్లలకు ఇద్దరూ ఒకే కాలం వాళ్లని కూడా తెలియకుండా పోతోంది.

ఇంట్లో విద్యార్థులు కూడా ఉండేవాళ్లు. దూరం ఊళ్ల పిల్లలకు అదే హాస్టల్. బొంబాయి నుంచి వచ్చి అక్కడ ఉండి చదువుకున్న లక్ష్మణ్ కరాడీ జాయా అనే అతను, సావిత్రీబాయి లాంటి దయగల మనిషిని తాను ఇంకెక్కడా చూడలేదని, తల్లి కంటే ఎక్కువగా చూసుకుందని తర్వాత రాశాడు. ఆ పేరు వినగానే నిన్న రైల్లో చెప్పిన జాయా కరాడీ లింగు గుర్తొచ్చాడు మాకిద్దరికీ. గురుకులంలో రాత్రి డ్యూటీలు చేసిన అనుభవం ఉంది కాబట్టి, ఆ నాలుగు గదుల్లో పిల్లలూ పురిటి మనుషులూ రాత్రి బడి కూలీలూ ఎట్లా సర్దుకున్నారా అని మేము నిజంగానే లెక్కలు వేశాం. వంట ఎవరు చేసేవాళ్లు, ఎన్ని బిందెల నీళ్లు. మ్యూజియం బోర్డులు ఇవి చెప్పవు.

వెనక పెరట్లో తులసికోట ఉంది. 1890 నవంబరు 28న ఫూలే చనిపోయినప్పుడు, తన వీలునామాలో రాసుకున్నట్టు ఉప్పులో పాతిపెట్టాలని ఇంటివాళ్లు అనుకున్నారు. ఇళ్ల మధ్య ఖననానికి మున్సిపాలిటీ ఒప్పుకోలేదు. దహనం చేసి, అస్థికలను తెచ్చి ఈ ఇంటి వెనక ఉంచారు. అంత్యక్రియల్లో కుండ పట్టుకుని ముందు నడిచింది సావిత్రీబాయి. ఆ కాలానికి అది ఊహకందని విషయం. కర్మకాండలను జీవితమంతా ఎదిరించిన మనిషి సమాధి మీద తులసికోట ఏమిటని నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. వచ్చినవాళ్లు దానికి పసుపు కుంకుమ పెడుతున్నారు. ఒకావిడ చుట్టూ ప్రదక్షిణ చేసింది. వద్దనడానికి నేనెవరిని? కానీ బోర్డు మీద ఆయన అసలు ఏం కోరుకున్నాడో ఒక్క వాక్యం రాస్తే బాగుండేది.

మధ్యాహ్నం దాటాక స్కూలు పిల్లలు బస్సు దిగారు. లోపలంతా కేకలు. వాళ్ల టీచరు మరాఠీలో గద్దిస్తుంటే ఆ గొంతు మాకు బాగా తెలిసిన గొంతే అనిపించి నవ్వుకున్నాం. దగ్గర్లోనే సావిత్రీబాయి స్మారకం ఉంది. అది కొత్త కట్టడం, త్వరగా చూసి వచ్చేశాం.

ఆదివారం: కాత్రజ్ ఘాట్ మీదుగా నాయ్‌గావ్

సావిత్రీబాయి పుట్టిన ఊరు నాయ్‌గావ్. సాతారా జిల్లా ఖండాలా తాలూకా, పుణె నుంచి 50 కిలోమీటర్ల పైమాట. లోనావాలా దగ్గర ఖండాలా వేరు, ఇది వేరు. బస్సులో పోతే శిర్వళ్‌లో దిగి ఆటో పట్టుకోవాలి. మేము కారు మాట్లాడుకున్నాం. కొత్త హైవే వద్దు, పాత కాత్రజ్ ఘాట్ మీదుగా పోదామంటే డ్రైవరు మొహం చిట్లించాడు. అక్కడి సొరంగం పనుల్లో ఫూలే కంపెనీ ఉందని చెబుతారు. ఆ మాట చెప్పగానే అతనే ఆపి చూపించాడు. తను ఎన్నోసార్లు దాటిన దారి, ఈ సంగతి తనకు తెలియదన్నాడు. సొరంగం లోపల చీకటి, లారీ వస్తే గుండె గుబుక్కుమంటుంది.

నాయ్‌గావ్‌లో సావిత్రీబాయి పుట్టింటిని మళ్లీ నిలబెట్టి స్మారకంగా చేశారు. తండ్రి ఖండోజీ నేవసే పాటిల్, అంటే ఊరి పెద్ద. పుణె ఇంటికీ దీనికీ తేడా అక్కడే తెలుస్తుంది. ఇది రైతు పెద్దింటి ఇల్లు. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, కర్ర దూలాలు. బయట ఎండ మండుతుంటే లోపల చల్లగా ఉంది. వంటింట్లో తిరగలి, కుండలు పెట్టి ఉంచారు. ఇవి అప్పటివే అని ఎవరూ అనడం లేదు, అప్పటి ఇల్లు ఎట్లా ఉండేదో చూపడానికి పెట్టినవి. 1831 జనవరి 3న ఇక్కడ పుట్టి, తొమ్మిదేళ్లకు పెళ్లయి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆమెకు అక్షరం ముక్క రాదు.

కానీ చదువొచ్చాక ఈ ఊరి నుంచి భర్తకు రాసిన ఉత్తరాలున్నాయి. 1856 అక్టోబరులో జబ్బు చేసి పుట్టింటికొచ్చి ఉన్నప్పుడు రాసిన ఉత్తరం నాకు చాలా ఇష్టం. మహార్లకూ మాంగ్‌లకూ చదువు చెబుతారు కాబట్టే మిమ్మల్ని కులం వెలేసింది, బ్రాహ్మణులు చెప్పినట్టు నడుచుకోమని సొంత అన్నే మందలించాడట. ఆమె ఊరుకోలేదు. ఆవునూ మేకనూ ముద్దు చేస్తావు, నాగపంచమికి పాముకు పాలు పోస్తావు, నీలాంటి మనిషిని మాత్రం ముట్టుకోవు, ఎందుకో చెప్పు అని అడిగింది. పుట్టింట్లో, జ్వరంతో మంచాన ఉండి అన్నతో వాదం పెట్టుకోవడమంటే మాటలా? అదే ఉత్తరంలో, తాను లేకపోవడంతో బడిలో తోటి టీచరు ఫాతిమాకు పని భారం పడుతుందని, అయినా ఆమె విసుక్కోదని రాసింది. ఫాతిమా షేఖ్ అసలు లేనే లేదని 2025 జనవరిలో సోషల్ మీడియాలో పెద్ద రభస జరిగింది కదా. ఆ రభసలో ఈ ఉత్తరం ఎత్తినవాళ్లు తక్కువ.

ఇంకో ఉత్తరం 1868 ఆగస్టుది. గణేశ్ అనే బ్రాహ్మణ కుర్రాడు, సారజా అనే మహార్ అమ్మాయి ప్రేమించుకున్నారని తెలిసి ఊళ్లో జనం వాళ్లను కొట్టి చంపబోతుంటే, తాను పరుగెత్తి వెళ్లి అడ్డుపడి, ఇంగ్లీషు చట్టం ఉరి తీస్తుందని బెదిరించి విడిపించానని భర్తకు రాసింది. ఇద్దరినీ పుణెకు ఆయన దగ్గరికే పంపుతున్నానని కూడా. గంజ్ పేఠ్ ఇంట్లో ఇంకో ఇద్దరికి చోటు. ఇవ్వాళ మన పత్రికల్లో వచ్చే వార్తలు చదివినవాళ్లకు ఈ ఉత్తరం పాతది అనిపించదు.

మధ్యాహ్నం ఊళ్లోనే ఒక ఇంటివాళ్లు నడిపే మెస్‌లో జొన్న భాకరీ, శనగపిండితో చేసే పిఠ్లా, పచ్చిమిరప తేచా తిన్నాం. మా పాలమూరు జొన్నరొట్టె కంటే కొంచెం పలచన. తేచా మాత్రం కళ్లలో నీళ్లు తెప్పించింది. "ఎక్కడి నుంచి?" అని అడిగిందావిడ. తెలంగాణ, టీచర్లం అన్నాం. ఇంకో భాకరీ వేసి డబ్బులు తీసుకోనన్నది. బలవంతంగా ఇచ్చి వచ్చాం.

సోమవారం: లేని బడి, ఉన్న మేడ

పొద్దున్నే బుధవార్ పేఠ్. దగ్డూసేఠ్ గణపతి గుడి ముందు జనం క్యూ కట్టి ఉన్నారు. గుడికి ఎదురుగా ఉండేది భిడే వాడా. తాత్యారావు భిడే తన ఇంట్లో చోటిస్తే 1848లో ఆడపిల్లల బడి పెట్టింది అక్కడే. ఏళ్లకేళ్లు కింద దుకాణాలు, పైన కూలుతున్న గోడలు, కోర్టులో కేసు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక 2023 డిసెంబరులో మిగిలిన ఆ కట్టడాన్ని కూల్చేశారు. అక్కడ జాతీయ స్మారకం కడతామని నిర్ణయం. శిథిలమైన ఇల్లు ఎవరి మీదన్నా పడుతుందన్న భయం నిజమే. అయినా స్మారకం కట్టడానికి అసలుదాన్నే తీసేయడం నాకు మింగుడుపడలేదు. రాయి రాయికీ నంబరు వేసి విప్పి మళ్లీ పేర్చే పద్ధతులున్నాయి. మన దగ్గర శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయే గుళ్లను అట్లాగే విప్పి ఆలంపూర్‌లో నిలబెట్టారు. మాకు దగ్గరి ఊరే కాబట్టి మా మేడం వెంటనే ఆ మాటే అన్నది. "గుడైతే మోసుకుపోతరు. బడైతే కూలగొడ్తరు."

అక్కడి నుంచి నడిచి విశ్రాంబాగ్ వాడా. రెండో బాజీరావు పేష్వా 1807లో కట్టించుకున్న మేడ. వీధి వైపు ముందుకు చొచ్చిన కర్ర బాల్కనీ, పైకి సన్నబడుతూ పోయే సరుగుడు ఆకారపు టేకు స్తంభాలు, ఆకులూ పువ్వులూ చెక్కిన కమానులు. పనితనం చూస్తే నోట మాట రాదు. పేష్వాల రాజ్యం 1818లో పోయాక, 1821లో ఇంగ్లీషువాళ్లు ఇందులోనే సంస్కృత పాఠశాల పెట్టారు. బ్రాహ్మణ విద్యార్థులకు మాత్రమే. పేష్వాలు పండితులకు దక్షిణగా పంచే సొమ్మును ఇంగ్లీషువాళ్లు ఫండుగా మార్చారు. తర్వాత అందులోంచి ఫూలే ఆడపిల్లల బడులకు నెలకు 75 రూపాయలు మంజూరయ్యాయి. పండితులు మండిపడ్డారంటే పడరా మరి.

1852 నవంబరు 16న ఇదే మేడలో సభ పెట్టి, ప్రభుత్వం తరఫున మేజర్ క్యాండీ అధ్యక్షతన ఫూలేకు శాలువాలు కప్పారు. చౌకులో నిలబడి పై అంతస్తు వైపు చూస్తుంటే ఆ రోజు ఎట్లా ఉండి ఉంటుందో అనిపించింది. తోటమాలి కొడుకు. వాళ్ల తాతలు పేష్వాలకు పూలు అందించేవాళ్లు కాబట్టే ఫూలే అన్న ఇంటిపేరు. ఆ పేష్వా మేడలోనే శాలువా. పక్కన సావిత్రీబాయికి కూడా కప్పి ఉంటే ఇంకా బాగుండేది. శాలువాల సంగతి మాకు ఈ నెలే అనుభవం కదా.

ఆ శాలువా ఆయన్ను మెత్తబరచలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1882 అక్టోబరు 19న, హంటర్ విద్యా కమిషన్‌కు ఫూలే ఇచ్చిన వాంగ్మూలం చూడండి. కింద సంతకంతో పాటు రాసిన చిరునామా జూనా గంజ్ పేఠ్. వ్యాపారి, రైతు, మున్సిపల్ కమిషనర్ అని తనను తాను చెప్పుకున్నాడు. రైతులు కట్టే పన్నులతో పైకులాల వాళ్లకు పై చదువులు చెప్పిస్తున్నారు, పల్లెల్లో బడుల్లేవు అని మొహమాటం లేకుండా రాశాడు. కనీసం పన్నెండేళ్ల దాకా ప్రాథమిక విద్య నిర్బంధం చేయమన్నాడు. ప్రాథమిక బడికి టీచర్లను వ్యవసాయ కులాల నుంచి తీసుకోవాలి, అవసరమైతే నాగలి మేడి పట్టడానికి, వడ్రంగి బాడిస పట్టడానికి సిగ్గుపడనివాళ్లు కావాలి, శిక్షణ ఉండాలి, జీతం 12 రూపాయలకు తగ్గకూడదు, పెద్ద ఊళ్లలో 15, 20 ఇవ్వాలి అన్నాడు. మేము టీ తాగుతూ ఫోన్లో ఇది చదువుకున్నాం. పీఆర్సీ గురించి స్టాఫ్‌రూంలో మాట్లాడుకునే మాటలకు ఇది పెద్ద దూరం కాదు. కానీ జీతం అడిగిన వాక్యం పక్కనే మేడి పట్టే వాక్యం కూడా ఉంది. మనం మొదటిది ఒక్కటే కంఠస్థం చేశామని నేనంటే, "నేనైతే నాట్లేసిన, నాకు చెప్పకు" అన్నది మా మేడం.

రాత్రి బస్సుకు ఇంకా టైముంది. సావిత్రీబాయి చివరి రోజులు గడిచిన హడప్సర్ వైపు పోదామనుకున్నాం గానీ ట్రాఫిక్ చూసి ఆగిపోయాం. 1897లో పుణెలో ప్లేగు వచ్చినప్పుడు కొడుకు యశ్వంత్ అటువైపే ఊరి బయట ఆసుపత్రి నడిపాడు. ముంఢ్వా నుంచి ప్లేగు తగిలిన ఒక పిల్లవాణ్ని ఆమె భుజాన మోసుకొచ్చింది. పిల్లవాడు బతికాడు. ఆమెకు జబ్బు అంటి మార్చి 10న పోయింది. అప్పటికి 66 ఏళ్లు.

పోవాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. ఏప్రిల్ 11న, నవంబరు 28న గంజ్ పేఠ్ వాడాకు, జనవరి 3న నాయ్‌గావ్‌కు జనం వరదలా వస్తారు. మనుషులను చూడాలంటే ఆ రోజుల్లో పోండి. ఇల్లు చూడాలంటే మామూలు రోజు పొద్దున పోండి, స్కూలు బస్సులు రాకముందే. బోర్డులు ఎక్కువ మరాఠీలోనే ఉంటాయి, దేవనాగరి చదవగలిగితే చాలు, సగం అర్థమవుతుంది. ముందు విశ్రాంబాగ్ చూసి తర్వాత గంజ్ పేఠ్ పోతే ఇంటి సైజు ఇంకా బాగా తెలుస్తుంది. మేము తిరగేసి చేశాం, అదీ బాగానే ఉంది. నాయ్‌గావ్‌కు టోపీ, నీళ్లు తప్పనిసరి. తేచా అడిగి వేయించుకోండి, కొంచెమే.